కంచం చూశాకే సూది

పెద్ద సిస్టర్ పోయారని ఆవిడ భర్త ఫోను చేసినప్పుడు నేను డ్యూటీకి వెళ్ళడానికి జడ వేసుకుంటున్నాను. "అమ్మా, మీ సిస్టర్ ఎల్లిపోయింది. తెల్లారగట్ల, నిద్దట్లోనే," అన్నారాయన. ఆయనే మళ్ళీ, "ఏదేనా కాస్త తినీసి రా," అన్నారు. ఆ మాట అప్పుడు నాకు వింతగా తోచింది. భార్య పోయిన మనిషి చెప్పే మాటేనా అది అనుకున్నాను. తినకుండానే బయల్దేరాను.

ఇది రాయడానికి కూర్చునేసరికే నేను అలసిపోయి ఉన్నాను. ఈ వారం రెండు డబుల్ డ్యూటీలు పడ్డాయి. వరస తప్పితే మన్నించండి.

డాక్టరు ఇన్సులిన్ రాస్తాడు. దాన్ని ఇంట్లో ఎలా వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోకూడదో రోగికి నేర్పేది నర్సు. ఆ నర్సుకి నేర్పింది ఆవిడ. మా ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయిలో షుగరుతో ఉన్నవాళ్ళు చాలామందికి ఆవిడ ముఖం తెలియదు. ఆవిడ చెప్పిన మాటలు మా నోటితో విన్నవాళ్ళే వాళ్ళంతా. తెలుగు నర్సులకి ఆవిడ పెద్ద సిస్టర్, మిగతావాళ్ళకి బడీ దీదీ. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. కాబట్టి ఇక్కడా రాయను.

మా ఆసుపత్రిలో దుప్పట్లు దాచే గది పక్కన ఓ చిన్న గది ఉంది. గురువారం రెండు గంటలకి, పొద్దుటి షిఫ్టు దిగేవాళ్ళూ మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేవాళ్ళూ కలిసే వేళకి, క్లాసు అక్కడ జరిగేది. కుర్చీలు మాకు, స్టూలు ఆవిడకి. లోపలికి రాగానే ఆవిడ చెప్పే మొదటి మాట "కాళ్ళు జాపుకోండి." ఎదుటి కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మొదటిరోజు మేం నవ్వాం. "నవ్వకండి. కాళ్ళు లాగుతున్న మనిషికి చెవులు పనిచెయ్యవు," అన్నారావిడ. ఆ పది నిమిషాల కోసమే క్లాసుకొచ్చినవాళ్ళు ఉన్నారు. నేనూ మొదట అందుకే వచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చిరిగిన పరుపుల్లోంచి తీసిన స్పాంజి ముక్కల మీద సూది గుచ్చడం నేర్పేవారు. చెయ్యి కుదిరాక, సిరంజిలో సెలైన్ నీళ్ళు ఎక్కించి, "ఇప్పుడు మీ పొట్టకి," అనేవారు. వందల మందికి వేసిన చేతులు మావి, మా పొట్ట దగ్గరికొచ్చేసరికి వణికేవి. "ఇదీ రోగి చెయ్యి. గుర్తుంచుకోండి," అని ఆవిడ తన పని తాను చూసుకునేవారు.

క్లాసులో ఒక మాట నిషేధం. రోగిని "అర్థమైందా?" అని అడగకూడదు. "అలా అడిగితే తలకాయ ఊపుతారమ్మా. తలకాయ ఊపడానికి అర్థం కానక్కర్లేదు. నాకోసారి చేసి చూపించండి అని అడగండి," అనేవారు. పొరపాటున ఆ మాట అన్నవాళ్ళు ఆ రోజు స్పాంజి ముక్కలన్నీ ఉతికి ఆరెయ్యాలి. ఎన్ని గురువారాలు నేనే ఉతికానో.

నా తప్పు గురించి రాయకుండా ఆవిడ గురించి రాయలేను.

అప్పటికి నేను వార్డులో కొత్త. లారీల బరువు తూచే కాంటా దగ్గర పనిచేసే ఓ శ్రీకాకుళం ఆయన్ని డిశ్చార్జి చేస్తున్నారు. అప్పుడే ఇన్సులిన్ మొదలుపెట్టారు. నేను చాలా బాగా నేర్పాననుకున్నాను. పొద్దున్న టిఫినుకి ముందు, రాత్రి భోజనానికి ముందు అని చెప్పాను. చేసి చూపించమన్నాను, చూపించాడు. మాటలు కూడా తిరిగి అప్పజెప్పాడు. నాకు మార్కులెయ్యడమే తక్కువ.

ఆ తర్వాతి వారం ఆయనకి నైట్ షిఫ్టు. రాత్రంతా కాంటా దగ్గర కూర్చుని పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరాడు. స్నానం చేశాడు. పొద్దున్నే కదా అని, నేను చెప్పినట్టే సూది వేసుకున్నాడు. ఆపైన ఇరవై ఏళ్ళ అలవాటు ప్రకారం, ఏమీ తినకుండా పడుకున్నాడు. పదింటికి భార్య లేపబోతే లేవలేదు. ఒళ్ళంతా చెమట, తిండి లేక షుగరు బాగా పడిపోయింది. ఎదురింటివాళ్ళ జీపులో తీసుకొచ్చారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు తెలుసు, మీకు చెప్పక్కర్లేదు.

మూడు షిఫ్టుల్లో బతికే ఊరు మాది. ఈ ఊళ్ళో ఒక్కొక్కరి పొద్దు ఒక్కో వేళకి మొదలవుతుంది. మా నాన్న కూడా షిఫ్టుల మనిషే. పగలు ఆయన పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు చెయ్యకుండా పెరిగినదాన్ని నేను. అయినా తెల్లకోటు వేసుకోగానే పొద్దున్న అంటే టిఫినే అనుకున్నాను. పుస్తకంలో అలాగే ఉంది మరి.

వార్డు ఇన్‌చార్జి నన్ను సంజాయిషీ రాసిమ్మన్నారు. ఏడుస్తూ కాగితం పట్టుకుని పెద్ద సిస్టర్ దగ్గరికెళ్ళాను.

"ఏ షిఫ్టు అని అడిగావా?" అన్నారు.

"లేదండి."

"అడగాలని నేను నేర్పేనా?"

నేను కళ్ళు తుడుచుకున్నాను.

"నేర్పలేదు. ఇటివ్వు," అని కాగితం తీసుకుని, తన శిక్షణలో లోటు ఉందని తన పేరు మీద రాసి సంతకం పెట్టారు. దానివల్ల ఆవిడకి పై మెట్టు రావడం ఎంత ఆలస్యమయిందో నాకు చాలాకాలం తర్వాత వేరేవాళ్ళు చెప్పారు. ఆవిడ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆదివారం ఆవిడ నన్ను ఆ కాంటా ఆయన క్వార్టర్‌కి తీసుకెళ్ళారు. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి రెండురోజులే అయింది. ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన భార్యే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, "నీ తప్పేటుంది తల్లీ? ఈన రాగానే తొంగుంటారు. లేసినాకే తిండి. ఆ సంగతి నానైనా సెప్పాల," అంది. ముగ్గురు మనుషులు ఒక తప్పు కోసం పోటీ పడుతుంటే ఆయన మాత్రం మంచం మీద కూర్చుని, "నానే సచ్చిపోబోయేను, నన్నెవులూ అడగరేటి?" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఆనాటి నుంచి ఆయన నాకు కాంటా బాబాయి.

ఆ వంటింట్లో కూర్చునే పెద్ద సిస్టర్ తన పాఠం మార్చుకున్నారు. ఇక పొద్దున్న, రాత్రి అన్న మాటలు లేవు. ముందు కంచం పెట్టుకోవాలి. అందులో తిండి వడ్డించుకోవాలి. అది కంటికి కనిపించాకే సూది చేతిలోకి తీసుకోవాలి. కంచం లేకపోతే సూది లేదు. సూది వేసుకున్నాక తర్వాతి పూట తిండీ మానకూడదు. అది డ్యూటీ కానీ, ఉపవాసం కానీ, పెళ్ళి కానీ. క్లాసు బల్ల మీదికి స్పాంజి ముక్కల పక్కన ఓ స్టీలు కంచం వచ్చి చేరింది. శిక్షణకొచ్చిన ప్రతి నర్సూ నైట్ షిఫ్టు చేసొచ్చిన ఒక రోగి ఇంట్లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని రావాలి. అంతవరకూ సర్టిఫికెట్ మీద సంతకం లేదు. పైవాళ్ళు ఇదేం పద్ధతి అన్నారు. నర్సులు కంచం క్లాసని ఎగతాళి చేశారు. ఆవిడ అన్నీ విని, మళ్ళీ గురువారం రెండింటికి స్టూలు లాక్కునేవారు.

ఆవిడ రిటైరయ్యాక క్లాసు నా మెడకి చుట్టుకుంది. మెడకనే రాస్తున్నాను, ఆవిడ చదవరు కదా. ఇప్పుడు శిక్షణంటే చాలావరకు ఫోన్లో వీడియో. చివర ఓ మీట నొక్కితే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. పిల్లలది తప్పని అనను. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒకరితో చేయిస్తున్నప్పుడు వాళ్ళకి మాత్రం ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? క్లాసులో ముందు వరస నిద్రపోతుంది, వెనక వరస ఫోను చూస్తుంది. నేను చెప్పింది వార్డు గుమ్మం దాకా కూడా వెళ్ళడం లేదనిపించింది. మానేద్దామనుకున్నాను.

ఆ మాట చెప్పడానికే రెండు నెలల కిందట ఆవిడ దగ్గరికెళ్ళాను. గుండె బలహీనపడి అప్పటికే మంచం దిగడం లేదు. దిండుకి ఆనుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"నా వల్ల కాదు సిస్టర్. అలసిపోయాను. చెప్పిందేదీ నిలవడం లేదు," అన్నాను.

తిడతారనుకున్నాను. "మానీయ్," అన్నారు. "నాకేటీ కోపం లేదు. నేనూ రెండుసార్లు మానీసేను."

"మరి మళ్ళీ ఎందుకు మొదలెట్టారు?"

ఆవిడ చిక్కుడుకాయ విరుస్తూ ఆలోచించారు. "ఏటో. గురువారం వచ్చీసింది," అన్నారు.

అంతే. ఏదో పెద్ద మాట చెబుతారని వెళ్ళినదాన్ని, గిన్నెడు చిక్కుడుకాయలు వలిచి తిరిగొచ్చాను. మానేస్తున్నట్టు కాగితం రాసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. ఆవిడ పోయిన మంగళవారం కూడా అది బ్యాగులోనే ఉంది.

ఆ రోజు నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి ముందుగదిలో ఐసుపెట్టెలో పడుకోబెట్టారు. కూతురు విజయనగరం నుంచి బయల్దేరింది. రైలు ఆలస్యం. ఆ అమ్మాయి వచ్చేదాకా ఎత్తరు. బయట షామియానా వేసి ప్లాస్టిక్ కుర్చీలు పరిచారు. జనం వస్తూనే ఉన్నారు. టౌన్‌షిప్ సెక్టార్లలోంచి, సుపేలా బజారు నుంచి ఆటోల్లో, ఊరవతల కుమ్హారి నుంచి కూడా ఎవరో. ఎక్కువమంది ముసలివాళ్ళే. చాలామంది మా వార్డు మీదుగా వెళ్ళినవాళ్ళే. దండం పెట్టి, పూలు వేసి, కుర్చీలో కూర్చుని, ఆ రైలు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. ఎండ ముదిరింది. నేను గుమ్మం పక్కన గోడకి ఆనుకున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఒంటిగంటకి కాంటా బాబాయి నా దగ్గరికొచ్చాడు. ఇప్పుడాయనకి కర్ర ఊతం కావాలి.

"అమ్మా, పొద్దుట్నించి ఏటైనా తిన్నావా?"

"లేదు బాబాయ్."

"నీకు సూది నేదు గాబట్టి బతికీగలవు. ఇటు సూడు." కర్రతో కుర్చీల వైపు చూపించాడు. "నానందర్నీ అడిగొచ్చీసేను. తొమ్మండుగురం ఉన్నాం. పొద్దున్న సూదేసుకుని, ఇంత తినీసి వొచ్చినోళ్ళం. ఇప్పుడు మల్లీ తినాల. మరి ఇక్కడ తిండేటి? ఆ నీలం సొక్కా ఆయన్ని సూడు, ఎండకి సెమటనుకుంటన్నారు అందరూ."

చూశాను. నీలం చొక్కా తడిసి ముద్దయింది. ఆయన ఫ్యాను కిందే కూర్చున్నాడు. పక్కవాడి మీద ఊరికే కసురుకుంటున్నాడు. గంటకు పైగా నా కళ్ళ ముందే ఉన్నాడు ఆ మనిషి. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఈ పని చేస్తున్నదాన్ని, క్లాసులు చెప్పేదాన్ని, నేను చూడలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. బ్యాగులోంచి షుగరు మీటరు తీసి చూస్తే బాగా పడిపోయి ఉంది. పక్కింటికి పరుగెత్తి పంచదార నీళ్ళు తెచ్చి తాగించాను. కాసేపటికి మనిషి తేరుకుని, "సారీ సిస్టర్," అన్నాడు. ఆయనకిక వెంటనే తిండి పడాలి. మిగతా ఎనిమిదిమందికీ అంతే, ఈ స్థితికి రాకముందే.

తిండికి లోటు లేదు. శ్మశానం నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం పక్క క్వార్టరావిడ అన్నం, పప్పు వండి మూత పెట్టింది. ముందే ఇమ్మని అడిగాను. ఆవిడ తలూపి గిన్నెలు తెచ్చి వరండాలో పెట్టింది. ఇంట్లోంచి పెద్ద సిస్టర్ ఆడపడుచు, ఎనభై దాటిన ఆవిడ, చూసి లేచి వచ్చింది.

"ఓలమ్మ! శవం లేవకుండా మెతుకు ముడతారేటి? సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

"పెద్దమ్మా, వీళ్ళు సూది వేసుకున్నవాళ్ళు. తినకపోతే పడిపోతారు."

ఆవిణ్ణని ఏం లాభం, అసలు ఆ సూది వేసుకున్నవాళ్ళే ఒప్పుకోలేదు. నీలం చొక్కా ఆయన కూడా చేతులు జోడించాడు. "వద్దమ్మా. ఆవిడ అలా పడుకుని ఉండగా ఆవిడ గుమ్మంలో ఎలాగ తింటాం? రైలొచ్చేదాకా ఓర్చుకుంటాం." ఇంకొకాయన "ఒక్కపూటే కదా" అన్నాడు. బాబాయి కంచం పట్టుకుని నిలబడ్డాడు కానీ ఒక్కడూ తినలేక చుట్టూ చూస్తున్నాడు. ఆవిడ మీద గౌరవంతోనే వాళ్ళు ఆవిడ చెప్పింది మానేస్తున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆవిడుంటే ఏం చెప్పేవారో అని లోపలికి చూశాను. ఐసుపెట్టె మీద పూలు తప్ప ఏమీ కనిపించలేదు.

ఐసుపెట్టె పక్కన కూర్చున్న ఆవిడ భర్త లేచారు. ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల హోరులో పనిచేసి చెవులు కాస్త మందగించిన మనిషి. "ఏటి గొడవ?" అన్నారు. బాబాయి ఆయన దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాడు. ఆయన విన్నారు. వంటింట్లోకి వెళ్ళి ఓ కంచం తెచ్చుకున్నారు. వరండాలో గిన్నెల దగ్గర వంగి తనే అన్నం పెట్టుకుని, పప్పు పోసుకున్నారు. అందరికీ ఎదురుగా మెట్టు మీద కూర్చుని కలుపుకున్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

ఎవరూ కదల్లేదు. ఆ ముద్ద ఆయనకి మింగుడు పడలేదు. దవడ ఆగిపోయింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి మాత్రం కంచంలోనే ఉంది. ఆడపడుచు వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి తమ్ముడి పక్కన పెట్టింది. ఆయన తాగారు. ఇంకో ముద్ద పెట్టుకున్నారు.

"నాకు సుగరు నేదు," అన్నారు. "ఆకలీ నేదు. అయినా తింటన్నాను. కూకోండి."

కాంటా బాబాయి ముందు కూర్చున్నాడు. తర్వాత నీలం చొక్కా ఆయన. ఆ తర్వాత ఒక్కొక్కరే. నేను వడ్డించాను. ఆడపడుచు వెనకాలే ఉప్పు పట్టుకుని వచ్చింది. తొమ్మిదిమంది ముసలివాళ్ళు, మధ్యలో ఆయన, ఏడుస్తూ పప్పన్నం తిన్నారు. చావు ఇంట్లో అలాంటి పంక్తి నేనెన్నడూ చూడలేదు. ఆడపడుచు చివర్లో నా చేతిలో కూడా ఓ కంచం పెట్టి, "నువ్వూ తినీ," అంది. ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది.

రైలు మూడింటికి వచ్చింది. కూతురు వచ్చింది. ఆవిణ్ణి తీసుకెళ్ళారు.

వాళ్ళు అటు వెళ్ళాక పక్క క్వార్టరావిడా నేనూ పెరట్లో కంచాలు కడిగాం. ఆయన తిన్న కంచం అంచున చుక్కలతో కొట్టిన పేరుంది. పెద్ద సిస్టర్‌ది, పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టి ఉంటారు. అది ఎన్నో ఏళ్ళు గురువారాలు మా బల్ల మీద కూర్చున్న కంచమే. రిటైరైన రోజు ఇంటికి పట్టుకెళ్ళారు. ఆయన తిరిగొచ్చాక చూపించాను. "నువ్వే పట్టుకెళ్ళు. ఇక్కడ నేనొక్కణ్ణి, నాకెన్ని కంచాలు?" అన్నారు.

బ్యాగులో పెట్టుకోవడానికి చోటు చాల్లేదు. మానేస్తున్నట్టు రాసుకున్న కాగితం అడ్డొస్తే తీసి మడిచి పక్క జేబులో పెట్టాను. చింపలేదు. చింపేంత ఉత్సాహం నాకు లేదు, ఇప్పటికీ లేదు.

రెండు రోజులకి గురువారం వచ్చేసింది. దుప్పట్ల గది పక్క గదికి వెళ్ళేసరికి పదకొండుమంది పిల్లలు వచ్చి ఉన్నారు. సగంమంది రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు. కంచం తీసి బల్ల మీద పెట్టాను. దాని మీద పేరు ఎవరిదని ఒకమ్మాయి హిందీలో అడిగింది. తర్వాత చెబుతాను, ముందు కాళ్ళు జాపుకోండి అన్నాను. వాళ్ళు నవ్వారు. ఆపైన ఒక్కొక్కరూ చెప్పులు విడిచి ఎదుటి కుర్చీల మీద కాళ్ళు పెట్టుకున్నారు. వాచిన మడమలు, చెప్పుల అచ్చులు పడిన పాదాలు. ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద ఖాళీ కంచం ఉంది. నేను స్టూలు లాక్కుని, నా కాళ్ళు కూడా జాపుకున్నాను.